సాగనంపే మోతి

కోరుట్ల బస్టాండు వెనక సందులో రేడియోలు బాగుచేసే సాంబయ్యది ఒకటే నియమం. బల్ల మీదికి వచ్చినదాన్ని బాగుచేయాలి, అది ఎవరిదో అడగకూడదు. అడిగితే చెబుతారు, చెబితే తెలుస్తుంది, తెలిస్తే ఆ తెలిసింది ఏమిటని ఇంకెవరో వచ్చి అడుగుతారు. నక్సలైటు అన్నలు ఒక దిక్కు, పోలీసులు ఒక దిక్కు ఊళ్ళను చెరో చేత్తో పట్టి గుంజుతున్న కాలం అది. పొద్దున వచ్చిన ట్రాన్సిస్టరు స్టేషను జవానుదో, గుట్టల్లోంచి దిగి వచ్చిందో సాంబయ్యకు తెలియదు. తెలియకుండా ఉండడానికి ఆయన చాలా కష్టపడేవాడు.

దుకాణంలో స్టూలు కూడా వీధికి వీపు పెట్టి వేసుకున్నాడు. ఎవరు ఎవరితో పోతున్నారో చూడకపోతే, చూడలేదని చెప్పడానికి అబద్ధం ఆడనక్కర్లేదు కదా. పొద్దు వాలకముందే షట్టరు దించేవాడు. పెళ్ళిళ్ళకు పోతే తిని చేయి కడుక్కుని వచ్చేవాడే గాని నలుగురిలో కూర్చుని ముచ్చట పెట్టేవాడు కాదు. ఆయన భార్య సుమిత్ర, "నిన్ను ఎవ్వలు కట్టెయ్యకున్నా గుంజకు కట్టేసినట్టే ఉంటవు" అని దెప్పేది. సాంబయ్య నవ్వి ఊరుకునేవాడు. నవ్వితే ఎవరూ కేసు పెట్టరు.

పుట్టింది సిరిసిల్లలో, నేత వాడలో. నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటినుంచి తల్లీ అక్కా రెండూ శంకరవ్వే. ఆయనకంటే పదేళ్ళు పెద్దది. బడికి పోవాలంటే పెద్ద బాట దాటాలి. లారీలంటే సాంబయ్యకు ప్రాణం మీదికి వచ్చేది. బాట పక్కన నిలబడిపోయి కదిలేవాడు కాదు. శంకరవ్వ వచ్చి చొక్కా చెయ్యి పట్టి బరబరా ఈడ్చుకుపోయేది. ఇంట్లో మగ్గం మీద పోగు తెగితే అతకడం నేర్పింది కూడా ఆమే. తెగిన పోగును కంటితో దేవులాడొద్దు, వేలితో దేవులాడు అనేది. తర్వాతి కాలంలో ఏ రేడియోలో ఏ తీగ తెగినా సాంబయ్య కళ్ళు మూసుకుని వేలితోనే పట్టేవాడు. నాన్న మగ్గం అటక ఎక్కి వాడలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, దిగాక, సాంచెల మోటార్లు చుట్టడం నేర్చుకున్నాడు, మోటార్ల నుంచి రేడియోలకు, సిరిసిల్ల నుంచి కోరుట్లకు వచ్చాడు.

శంకరవ్వను పెగడపల్లి దిక్కు ఒక ఊరికి ఇచ్చారు. భర్త నర్సయ్య జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. ఊరి చివరి ఇల్లు, పెంకులది. ఇంటి పక్కనుంచి బండ్ల బాట గుట్టల దిక్కు పోతుంది. చాట ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని బీడీలు చుట్టుకునేది. ఆమెకు తోడు ఒక్క మోతి. గోధుమ రంగు, దట్టమైన బొచ్చు, ఒక చెవి ఎప్పుడూ వంగి ఉండే ఊర కుక్క.

ఈ మోతికి మనుషుల్లో కూడా అరుదైపోయిన ఒక మర్యాద ఉండేది. ఇంటి ముందునుంచి ఎవరు పోయినా మొరగదు, లేచి వెంట నడుస్తుంది. గుట్ట మొదలు దాకా పోయి సాగనంపి, వెనక్కి వచ్చి గడప పక్కన పడుకుంటుంది. చుట్టమా పక్కమా, ఎరిగినవాడా ఎరగనివాడా అన్న భేదం లేదు. గేదెల వెంట పోయేవాణ్ణి సాగనంపేది, తునికాకుకు పోయే ఆడవాళ్ళను సాగనంపేది. నర్సయ్య ఉన్నప్పుడు వచ్చినవాళ్ళను పొలిమేర దాకా దిగబెట్టి వచ్చేవాడు, ఆయన వెనకే తిరిగి కుక్కకు అబ్బిందని శంకరవ్వ అనేది. మంచి కాలమైతే ఆ కుక్కను చూసి ఊరు మురిసిపోయేది. కానీ పొద్దు గూకే వేళ సంచులు భుజాన వేసుకుని గుట్టకు పోయే అన్నలను కూడా మోతి సాగనంపింది. తెల్లారి వాళ్ళను వెతుక్కుంటూ పోయిన పోలీసులను కూడా, అదే తోక ఊపుతూ, అదే గుట్ట దాకా సాగనంపింది.

ఇక చూసుకోండి. ఇది వాళ్ళ కుక్క అని వీళ్ళకూ, వీళ్ళ కుక్క అని వాళ్ళకూ అనుమానం. ఒకరోజు ఇద్దరు అన్నలు గడప ముందు ఆగి నీళ్ళడిగి తాగారు. చెంబు తిరిగి ఇస్తూ వాళ్ళలో పెద్దాయన మెల్లగానే చెప్పాడు. "అక్కా, నీ కుక్క మా ఎంబడి అచ్చుడు ఆపు. నీతోని కాకుంటే మేం ఆపుతం." వారం తిరగకముందే పోలీసులు వచ్చారు. కుక్క ఎవరి వెంట పోయి వస్తున్నదో మాకు ఎరుకేననీ, ఈసారి గుట్ట దగ్గర కనపడితే కుక్కను అక్కడే, దాని యజమానిని స్టేషన్లో చూసుకుంటామనీ చెప్పి పోయారు. ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది ఆ కుక్క విషయంలోనే.

శంకరవ్వ మోతిని తాడుతో కట్టేసింది. కొరికి తెంపుకుంది. గొలుసు తెచ్చి కట్టింది. అన్నం ముట్టలేదు, మూడు రోజులు ఊళ ఆగలేదు. ప్రహరీ గోడ కట్టే స్తోమత ఆమెకు లేదు. నాలుగో రోజు గొలుసు విప్పి, మోతినీ బీడీల గంపనూ పక్కింటి పోశవ్వకు అప్పజెప్పి, జగిత్యాలలో బస్సు మారి కోరుట్లకు తమ్ముడి దగ్గరికి వచ్చింది.

"మేకను కట్టేస్తరు, బర్రెను కట్టేస్తరు. దీన్ని కట్టేస్తే సచ్చిపోయేటట్టున్నది తమ్మీ. కట్టెయ్యకుంటే వాళ్ళు సంపుతరు. ఏదన్న ఉపాయం చెప్పు" అంది.

అక్క ఎన్నడూ ఏదీ అడగలేదు. బతుకులో మొదటిసారి అడిగింది. సాంబయ్యకు ఆ రోజు ఏ రేడియో చేతికి ఎక్కలేదు.

ఉపాయం రాజేశం దగ్గర దొరికింది. కోరుట్ల చుట్టుపక్కల ఇంటికొకరు చొప్పున దుబాయి పోయినవాళ్ళే. టేపు రికార్డరు తెచ్చినవాడు ఉన్నాడు, సెంటు సీసాలు తెచ్చినవాడు ఉన్నాడు. రాజేశం మాత్రం ఒక ఇంగ్లీషు దొర బంగళాలో పదేళ్ళు తోటకు నీళ్ళు పట్టి, కుక్కలను చూసుకుని, దొర దేశం వదిలి పోతూ పారేయబోయిన ఒక డబ్బాను తెచ్చుకున్నాడు. కనపడని కంచె అన్నాడు. సాంబయ్య ముందు నమ్మలేదు. తర్వాత మూత విప్పి లోపల చూసి, అరగంట దాన్నే తిప్పి తిప్పి చూశాడు. అంత ముచ్చటైన పనిముట్టు ఆయన బల్ల మీదికి అంతకుముందు రాలేదు.

సంగతి ఇది. డబ్బాను గోడ ప్లగ్గుకు పెట్టాలి. దాని నుంచి బయలుదేరిన తీగ ఇంటి చుట్టూ భూమిలో బెత్తెడు లోతున తిరిగి మళ్ళీ డబ్బాలోకే రావాలి. ఆ తీగలో పారేది షాకు కొట్టే కరెంటు కాదు, ముట్టుకున్నా ఏమీ కాదు. నాలుగైదు అడుగుల దూరం వరకే వినపడే రేడియో స్టేషను అనుకోండి. కుక్క మెడకు కట్టే పట్టీలో అగ్గిపెట్టెంత పెట్టె ఉంటుంది, అది ఆ స్టేషనును వినే రేడియో. పెద్ద కరెంటు లైను కిందికి పోతే ట్రాన్సిస్టరు గుర్రుమనడం అందరికీ తెలిసిందే. అట్లాగే కుక్క తీగకు దగ్గరైతే పెట్టె కీచుమంటుంది. కుక్క వెనక్కి తగ్గిందా, సరి. తగ్గకపోతే పట్టీ లోపల ఉన్న రెండు ఇనుప మొనలు మెడకు షాకు ఇస్తాయి. ఎంత షాకు అన్నదానికి ఒకటి, రెండు, మూడు అని చిన్న మీట ఉంది. డబ్బా నుంచి, ఇంటి చుట్టూ తీగ తిరిగే గీత దాకా పోయే రెండు తీగలను మాత్రం పురి పెట్టి మెలేయాలి. మెలేస్తే ఒకదాని కూతను ఇంకొకటి మింగేస్తుంది, అక్కడ కుక్క దాటినా ఏమీ కాదు. ఈ ఒక్క సంగతి తెలిశాక సాంబయ్య ఆ డబ్బా చేసినవాడికి మనసులోనే దండం పెట్టాడు.

రాజేశం దాపరికం లేని మనిషి. దాని లోపాలు కూడా చెప్పాడు. "ఇది కుక్కను ఆపుతది గని, కుక్క మీదికి అచ్చేటోళ్ళను ఆపది. మల్ల, కోపంల ఉరికిన కుక్క షాకు తాకినా దాటిపోతది. దాటినంక లోపలికి రానీకి భయపడ్తది. మా దొరసాని కుక్క గట్లనే రెండు దినాలు బయటనే కూసున్నది."

ఊళ్ళో పూటకొకసారి కరెంటు పోతుంది, అప్పుడెట్లా అని సాంబయ్య అడిగాడు. రాజేశం నవ్వాడు. కరెంటు పోయిన సంగతి మనకు తెలుసు గాని కుక్కకు తెలియదు కదా, ఒకసారి నమ్మిందంటే తీగ ఉన్నా లేకపోయినా ఒకటే అన్నాడు. ఆ మాట సాంబయ్యకు అప్పుడు ధైర్యంగా వినపడింది.

బల్ల మీద చుట్ట చుట్టి పెట్టిన తీగ పక్కన పట్టీ మొనలను అరచేతికి ఆనించి చూసుకున్నాడు. మీట ఒకటి మీద పెట్టాడు. చీమ కుట్టినంత. ఇంతేనా అనుకున్నాడు.

పట్టీతోబాటు వచ్చిన కాగితంలో ఇంకొక సంగతి ఉంది. తీగ ఎక్కడుందో కుక్కకు తెలియదు కాబట్టి గీత పొడవునా చిన్న జెండాలు పాతాలి. రెండు వారాలు కుక్కను తాడుతో జెండాల దాకా నడిపించి, కీచుమనగానే వెనక్కి గుంజి, ఏదన్నా తినబెట్టాలి. నేర్చుకున్నాక జెండాలు ఒక్కొక్కటే తీసేయాలి. జెండాలు డబ్బాలో లేవు, దుబాయిలోనే పోయాయి. గుడ్డ పేలికలు కడితే చాలు. కానీ ఏ రంగు? సాంబయ్య ఈ ప్రశ్న మీద మూడు రోజులు తిప్పలు పడ్డాడు. ఎర్రది కడితే చెప్పనక్కర్లేదు. పసుపు ఒక పార్టీది. కాషాయం ఇంకొక పార్టీది. పచ్చది కడితే ఏ పీరు సమాధో వెలిసిందని ఎవరన్నా వచ్చి చక్కెర పంచుతారు. తెల్లది కడితే, ఎవరికి లొంగిపోతున్నావని రెండు దిక్కులవాళ్ళూ అడుగుతారు. ఆఖరికి తన పాత గళ్ళ లుంగీ చింపి నలభై ముక్కలు చేశాడు. గళ్ళ లుంగీకి ఇంకా ఏ పార్టీ పుట్టలేదు.

జెండా రంగు గురించి మూడు రోజులు ఆలోచించిన ఈ మనిషి, తీగ గురించి మూడు నిమిషాలు ఆలోచించలేదు. ఆ ఏళ్ళలో బాటల కింద మందుపాతరలు పేలేవి. భూమిలో పాతిన తీగ కనపడితే పోలీసులు ఏమనుకుంటారో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. సాంబయ్యకు తెలియదా? తెలుసు. కానీ తీగ ఆయనకు రోజూ వేలికి తగిలే వస్తువు. అన్నం తినేవాడు అన్నాన్ని అనుమానించడు. పైగా అక్క మొదటిసారి అడిగిన పని, ఇంత చక్కటి పనిముట్టు. ఆ సంబరంలో కళ్ళు మూసుకుని వేలితో పోయాడు.

ఆదివారం అక్క ఊరికి పోయి, ఇంటి చుట్టూ గెడపారతో చాలు తీసి, తీగ పాతి, లుంగీ ముక్కలు పుల్లలకు కట్టి నాటాడు. మోతికి పట్టీ కట్టాడు. ఒకటి మీద పెడితే మోతి తల కూడా తిప్పలేదు. బొచ్చు దట్టం, మొనలు ఆనడం లేదు. రెండు మీద చెవి ఆడించింది. సాంబయ్య మీటను మూడు మీదికి నెట్టాడు. మోతి కుయ్యిమని ఎగిరి వెనక్కి పడి, పాక్కుంటూ వచ్చి శంకరవ్వ చీర కుచ్చెళ్ళలో దూరింది. శంకరవ్వ తమ్ముడి మొహం చూసింది. ఏం కాదు, చీమ కుట్టినంతే, నా చేతికి పెట్టుకుని చూశానని చెప్పాడు. అబద్ధం కాదు. కానీ తన అరచేతికి పెట్టుకున్నది ఒకటి, కుక్క మెడకు పెట్టింది మూడు. ఆ తేడా ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

పదిహేను రోజుల్లో మోతి నేర్చుకుంది. జెండాలు తీసేసినా గీత ఎక్కడుందో దానికి తెలుసు. బాట మీద ఎవరు పోయినా లేచి గీత దాకా నడిచి, అక్కడ కూర్చుని, వాళ్ళు గుట్ట మలుపు తిరిగేదాకా తోక ఊపుతూ చూసేది. సాగనంపడం మానలేదు, ముప్పై అడుగులకు కుదించుకుంది. అన్నలు ఒకసారి పోతూ ఆగి చూసి పోయారు. పోలీసులూ చూసి పోయారు. శంకరవ్వ మళ్ళీ నిమ్మళంగా చాట ఒళ్ళో పెట్టుకుంది. సాంబయ్యకు ఊరు మొత్తంలో తానొక్కడే రెండు దిక్కులవాళ్ళను ఒప్పించినంత గర్వం కలిగింది.

తొలకరి వానకు బాట వైపు మన్ను కొట్టుకుపోయి, జానెడు తీగ బయటపడింది.

కబురు బస్సు కండక్టరు తెచ్చాడు. సాంబయ్య పట్టీతో వచ్చిన కాగితం జేబులో పెట్టుకుని పోయేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళు ఖాళీ చేయించారు. శంకరవ్వను బాటకు అవతల ఎండలో కూర్చోబెట్టారు. పదిమంది పోలీసులు తీగకు దూరంగా నిలబడ్డారు. వాళ్ళ మొహాల్లో కూడా భయమే ఉంది, అది ఒప్పుకోవాలి. అంతకు నెల ముందే వాళ్ళ తోటివాళ్ళు జీపుతో సహా పోయారు.

ఎస్సై కాగితం తీసుకుని బొమ్మలు చూశాడు. తీగ ఏమిటని అడిగితే సాంబయ్య సంకేతం గురించి చెప్పాడు. డబ్బా ఏమిటంటే డబ్బా గురించి, పట్టీలో బ్యాటరీ ఎందుకంటే బ్యాటరీ గురించి చెప్పాడు. ఎంత బాగా చెబితే అంత దోషి అవుతున్నాడని ఆయనకు కాసేపటికి అర్థమైంది. తీగ, డబ్బా, బ్యాటరీ, అన్నీ తెలిసిన మెకానిక్కు. మందుపాతరకు ఇంకేం కావాలి?

కుక్కల కోసమైతే కుక్కతో చూపించమన్నాడు ఎస్సై. చూపించడానికి మోతి గీత దగ్గరికి పోతేనే కదా. అది గడప పక్కన నేలకు కరుచుకుని పడుకుంది. పిలిచినా రాదు. కంచె ఎంత బాగా పనిచేసిందంటే, పనిచేస్తుందని చూపడానికి వీలులేనంత బాగా పనిచేసింది. ఒక కానిస్టేబులు పోయి మోతి మెడ బొచ్చు పట్టుకుని తీగ దిక్కు ఈడ్చసాగాడు. మోతి నాలుగు కాళ్ళూ నేలలో తన్నిపెట్టి, ఎన్నడూ అరవని గొంతుతో అరిచింది. అవతల శంకరవ్వ లేచి నిలబడింది. ఒకడు తుపాకి అడ్డం పెట్టాడు.

సాంబయ్య జన్మలో ఎవరి మాటకూ అడ్డం పోనివాడు. ఆయన పోయి మోతి మెడ నుంచి పట్టీ విప్పాడు.

"నేను కట్టుకుంట సార్. ఇది పనిచేస్తదో చెయ్యదో నన్ను సూడుండ్రి" అన్నాడు.

పట్టీ ఆఖరి రంధ్రానికి సరిపోయింది. మూడు మీదున్న మీటను మార్చడం చేతనయ్యే పనే. కానీ ఎస్సై చూస్తున్నాడు, మార్చితే ఇంకొక అనుమానం. మార్చకుండానే నడిచాడు. కీచుమంది. ఇంకొక అడుగు వేశాడు. మెడలోకి కాల్చిన సూదులు రెండు దిగినట్టయింది. నాలుక కొరుక్కున్నాడు. నోట్లోంచి ఏదో చప్పుడు వచ్చింది, అది మనిషి చప్పుడులా లేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కూలబడ్డది తీగకు దగ్గరగానే, అందుకని పట్టీ మళ్ళీ కొట్టింది. పాక్కుంటూ వెనక్కి వచ్చాడు.

మొదట ఇద్దరు ముగ్గురు పోలీసులు నవ్వారు. ఆయన పాకడం చూశాక ఎవరూ నవ్వలేదు. ఎస్సై కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "తీగ పీకుండ్రి" అన్నాడు. పీకారు. డబ్బా, పట్టీ తీసుకుని పోయారు. మళ్ళీ భూమిలో తీగ కనపడితే మాట్లాడడం ఉండదని చెప్పి పోయారు. వదిలేసి పోవడమే ఆ రోజుల్లో పెద్ద దయ.

శంకరవ్వ తమ్ముణ్ణి గడప మీద కూర్చోబెట్టి మంచినూనె తెచ్చింది. మెడ మీద రెండు ఎర్రటి చుక్కలు పక్కపక్కన పొంగి ఉన్నాయి. వాటికి నూనె రాసింది. రాసి, చేతికి మిగిలిన నూనెతో మోతిని దగ్గరికి తీసుకుని మెడ కింద బొచ్చు పాయ తీసి చూసింది. చాలాసేపు చూసింది.

"దీనికి సుత గిట్లనే ఉన్నయి తమ్మీ" అంది.

సాంబయ్య తల ఎత్తలేదు. నీకు తెలిసే పెట్టావా అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఆయనకు కొంత సులువయ్యేది. చీమ కుట్టినంతే అన్న తన మాట ఆయనకు ఆ తర్వాత చాలా రోజులు అన్నం ముందు కూర్చుంటే గుర్తుకొచ్చేది.

తీగ పోయింది, డబ్బా పోయింది, పట్టీ పోయింది. మోతి మాత్రం గీత దాటలేదు. వానకాలం పోయి చలికాలం వచ్చినా దాటలేదు. రాజేశం చెప్పిన మాట అక్షరాలా నిజమైంది. మోతిని చంపుతామన్నవాళ్ళు ఇద్దరూ దాన్ని మరిచిపోయారు. అంటే సాంబయ్య ఉపాయం పారినట్టే. అక్క అడిగిన పని అయినట్టే. కుక్క బతికింది. ఎవరన్నా వచ్చి, అట్లాంటిది మా ఇంటికి కూడా తెప్పిస్తావా అని అడిగితే మాత్రం సాంబయ్య తెప్పించను అనేవాడు కాదు, తెప్పిస్తాను అనేవాడు కాదు. ముందు నీ మెడకు, ఆఖరి అంకె మీద పెట్టి కట్టుకుని చూడు, తర్వాత మాట్లాడుదాం అనేవాడు. అడిగినవాళ్ళు తమాషా చేస్తున్నాడనుకుని పోయేవారు. సుమిత్ర మాత్రం గుంజకు కట్టేసినట్టుంటావన్న మాట మళ్ళీ అనలేదు. ఆయన చొక్కా పైగుండీ పెట్టుకోవడం మానేశాడని ఆమె గమనించింది. మెడకు ఏది తగిలినా ఆయనకు ఓర్వరాకుండా అయింది.

మరుసటి ఏడు ముసురు పట్టి శంకరవ్వ ఇంటి వెనక గోడ కూలింది. సిరిసిల్లలో పుట్టినింట ఒక గది ఖాళీగా ఉంది. సాంచెలకు నూలు కండెలు చుట్టుకుని బతుకుతానని ఆమె బయలుదేరింది. సాంబయ్య పోయి సామాను ఆటోలో పెట్టించాడు. సామానంటే ఎంత, రెండు మూటలు, ఒక పెట్టె, బీడీల చాట. పోశవ్వ వచ్చి కళ్ళు తుడుచుకుంది. శంకరవ్వ ఇంటికి దండం పెట్టి, వెనక్కి చూడకుండా బాట మీదికి నడిచింది. వెనక వస్తుందనుకుని మోతిని పిలిచింది.

మోతి గీత దాకా వచ్చి కూర్చుంది. ఆటోను, శంకరవ్వను చూస్తూ తోక ఊపింది. సాగనంపుతోంది.

ఆమె మళ్ళీ పిలిచింది. మోతి లేచి, ముందరి కాలు ఎత్తి, అక్కడే దించింది. అటూ ఇటూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడి సన్నగా కుయ్యిమంది. రొట్టె ముక్క వేస్తే గీతకు అవతల పడింది, దాన్ని చూస్తూ చొంగ కార్చింది గాని పోలేదు. పట్టీ లేదు, తీగ లేదు. గడ్డి మొలిచి చాలు కూడా కనపడడం లేదు. ఆ జాగాలో ఏదైనా ఉన్నదని తెలిసింది ఇప్పుడు ఆ కుక్కకొక్కదానికే.

సాంబయ్య మోతిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. బరువుగానే ఉంది. దాని గుండె ఆయన ఛాతీకి దడదడా తగిలింది. తల తెచ్చి ఆయన చంకలో దూర్చింది. నాలుగు అడుగులు నడిచాడు. ఐదో అడుగు దగ్గర ఆయన కాలు ఆగింది.

ఏమీ లేదని అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. పాతింది ఆయనే, పీకుతుంటే చూసింది ఆయనే. ఆ తీగ ఆ రోజే స్టేషనుకు పోయింది. అయినా మెడ మీద రెండు జాగాల్లో చర్మం బిగిసింది. కాలు ఎత్తాలనుకుంటున్నాడు, ఎత్తలేకపోతున్నాడు. చేతుల్లో మోతి వణుకుతోంది. వణికేది మోతో తానో ఆయనకు తెలియలేదు. ఎన్నేళ్ళుగానో వీధికి వీపు పెట్టి కూర్చున్నది, పొద్దు వాలకముందే షట్టరు దించింది, నవ్వి ఊరుకున్నది అంతా ఒక్కసారి గుర్తుకొచ్చింది. ఈ గీత తాను మోతికి కొత్తగా నేర్పింది కాదు, తనకు తెలిసిందే నేర్పాడు. సిగ్గుతో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శంకరవ్వ చేతిలోని మూట బాట మీద పెట్టి వెనక్కి వచ్చింది. తమ్ముడి మొహం చూసింది. ఏమైందని అడగలేదు.

"నడువు తమ్మీ, ఏం లేదీడ" అని, చిన్నప్పుడు పెద్ద బాట దాటించినట్టే, ఆయన చొక్కా చెయ్యి పట్టి ఈడ్చుకుపోయింది.